జానెడు మీద బెత్తెడు

మా అక్క కళ్ళజోళ్ళు అమరుస్తుంది. దుకాణం దాకా రాలేని ముసలివాళ్ళ ఇళ్ళకు తనే వెళ్ళి, చూపు పరీక్షించి, ఫ్రేము ముక్కు మీద నిలిచేలా సరిచేసి వస్తుంది. చెవి వెనక ఒరుసుకుంటోందంటే కాడలు వేడిచేసి వంచుతుంది. మరలు వదులైతే బిగిస్తుంది. రెండు కనుపాపల మధ్య ఎడం కొలవడానికి ఆమె దగ్గర అరచేతిలో ఇమిడే స్కేలు ఒకటుంది. అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఆ అద్దాలను తయారుచేసినవాళ్ళకే తిప్పి పంపేస్తుంది.

"అర మిల్లీమీటరుకే కొంపలు మునిగిపోతాయా?" అని ఒకసారి అడిగాను.

"నీ కొంప మునగదులే. పెట్టుకున్నవాళ్ళకి సాయంత్రానికి తల పగిలిపోతుంది," అంది.

చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల అక్కకి మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ పనిచేయవు. చంకకర్రల మీద నడుస్తుంది. నడుస్తుంది అనడం కన్నా నడకని దబాయిస్తుంది అనాలి. అలాంటి మనిషి ఇంటింటికీ తిరిగే పని ఎంచుకుందేమిటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళ నోళ్ళు మూయించింది మా బావ, ఒక చిన్న కారు.

వెనక తలుపు పైకి లేచే బుల్లి కారు అది. గేర్లు మార్చే పని లేని రకం. మేం దాన్ని బుడ్డది అని పిలిచేవాళ్ళం. దాని సీటు సరిగ్గా అక్క నడుమంత ఎత్తులో ఉండేది. కర్రలు వెనక్కి విసిరేసి, ఒక్క జరుగు జరిగితే లోపల ఉండేది. వెల్డింగు పనిచేసే బావ దానికి చేతిమీట అమర్చాడు. స్టీరింగు పక్కన నిలబడే ఇనపమీట, దాని కింద రెండు కడ్డీలు, ఒకటి బ్రేకుకి, ఒకటి యాక్సిలరేటరుకి. ముందుకు తోస్తే బండి ఆగుతుంది. కిందికి నొక్కితే కదులుతుంది. అధికారులు వంగి చూసి, లేచి చూసి, నడిపించి చూసి, ఏ వంకా దొరక్క సరే అన్నారు.

బావకు టేపంటే గిట్టదు. "నిప్పురవ్వ పడితే టేపు పోతుంది. చెయ్యి కాలినా మళ్ళీ మానుతుంది," అనేవాడు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాచిన చెయ్యి జాన. నాలుగు వేళ్ళు చేర్చి పెడితే బెత్తెడు. కిటికీ ఊచలైనా, గేట్లయినా ఈ రెండింటితోనే చేసేవాడు. చేసిన ప్రతిదాన్నీ కొలతలతో, తేదీతో నల్ల అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. అర మిల్లీమీటరు మనిషికీ జానల మనిషికీ ఎలా జత కుదిరిందో గానీ, కింది వాటాలో రోజూ ఇదే రగడ. "మీ చెయ్యి కూడా ఒక కొలతేనా?" అని అక్క. "నా కొలతకి నిలబడని గేటు ఒక్కటి చూపించు," అని బావ. పై వాటాలో ఉండే నాకు మంచి కాలక్షేపం.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, పనిలో ఉండగానే బావ గుండె ఆగిపోయింది. ఆస్పత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది. రక్తంలో చక్కెర ఎంత ఉందో అక్కడి డాక్టరు చెబితే మేం నోళ్ళు తెరిచాం. ఆ జబ్బు ఉందని బావకైనా తెలుసో లేదో మాకు తెలియదు. ఇరవై రెండేళ్ళ కాపురం. పిల్లలు లేరు. అక్క రెండు వారాలు ఇంట్లో ఉంది. ఆ తర్వాత బుడ్డదాంట్లో కూర్చుని పనికి వెళ్ళిపోయింది. ఆ మీట పట్టుకుని ఆమె వీధి మలుపు తిరుగుతుంటే, మనిషి పోయినా ఆసరా పోలేదని నాకు ధైర్యంగా ఉండేది.

ఈ ఏడాది బుడ్డది చేతులెత్తేసింది. మెకానిక్కు కింద దూరి స్క్రూడ్రైవరుతో పొడిస్తే అది అట్ట పెట్టెలోకి దిగినట్టు దిగిపోయింది. కాళ్ళ దగ్గరి తివాచీ ఎత్తితే రోడ్డు కనిపించింది.

"దీనికి అతుకులేసి పంపితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే అమ్మా. ఇంక నడపకండి," అన్నాడు.

కారు లేకపోతే అక్కకి పని లేదు. పని లేకపోతే అక్క ఏమవుతుందో ఊహించుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. కొత్త కార్ల షోరూముకి తీసుకెళ్ళాను. అక్కడివన్నీ మేడల్లా ఉన్నాయి. అమ్మకాల కుర్రవాడు ఒకదాని తలుపు తెరిచి, "ఇందులో కూర్చుంటే రోడ్డంతా కనబడుతుంది మేడం," అన్నాడు.

"రోడ్డు నాకు కనబడుతూనే ఉంది నాయనా. ఇందులోకి ఎక్కే దారే కనబడట్లేదు," అంది అక్క.

బుడ్డది లాంటి కార్లు చెయ్యడం కంపెనీ ఆపేసి తొమ్మిదేళ్ళయింది. గేర్లు లేని రకాన్ని మొదటినుంచీ కొద్దిమందే కొన్నారు. పాత కార్ల బ్రోకరు ఒకటి చూపించాడు. దాని ముందు సగం ఒక కారుది, వెనక సగం ఇంకో కారుది. మధ్యలో అతుకు మీద స్టిక్కరు వేశారు. ఇంకోటి వరదలో మునిగి తేలినది. సీటు కింద గడ్డి మొలిచింది. రెండు నెలలు కాళ్ళరిగేలా తిరిగాం.

"నావి ఎప్పుడో అరిగిపోయాయి. నీవి చూసుకో," అంది అక్క. ఆమె జోకులు అలాగే ఉంటాయి. మనం నవ్వాలో ఊరుకోవాలో తేల్చుకునేలోపు ఆమె వేరే మాటలో పడిపోతుంది.

చివరికి అక్క కళ్ళజోడు అమర్చిన ఒక మనిషి ఇంట్లోనే దొరికింది. పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు. రెండేళ్ళ కిందట ఆయన చూపు పరీక్షించి, ఇక కారు నడపడం మానేయమని కచ్చితంగా చెప్పింది అక్కే. ఆరు నెలలు ఆయన మాట్లాడలేదు. ఇప్పుడు షెడ్డులో దుప్పటి తీసి చూపించాడు. అచ్చం బుడ్డదే. రంగు మాత్రం బూడిద.

"నువ్వే దీన్ని మూలన పడేయించావు. నువ్వే తీసుకుపో," అన్నాడు.

"ఇంకా కోపమేనా మాస్టారూ?"

"కోపమే. అద్దంలో మొహం కూడా సరిగ్గా కనబడట్లేదు, నువ్వు చెప్పింది నిజమే. అందుకే ఇంకా కోపం."

కారు గేటు దాటేదాకా ఆయన చెయ్యి దాని కప్పు మీదే ఉంది. తర్వాత ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడే నేను నా తెలివంతా చూపించాను. పాత మీట మొదలంతా తుప్పు తినేసింది, మళ్ళీ వెల్డింగుకి ఆగదు, కొలతలుంటే కొత్తది చేసేస్తానని మెకానిక్కు అన్నాడు. మర్నాడు అక్క పనిమీద ఆటోలో వెళ్ళిన వేళ, తుక్కు కార్లవాళ్ళు ఫోన్ చేశారు. లారీ ఇటే వస్తోంది, ఇవాళ కాకపోతే వచ్చే నెలే అన్నారు. నేను బావ పుస్తకం తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి. తీసుకుపొమ్మన్నాను.

సాయంత్రం అక్క ఖాళీ జాగా చూసి, "మీట తీయించావా?" అంది.

"ఎందుకే ఆ తుప్పు ముక్క? కొలతలన్నీ బావ రాసి పెట్టాడుగా," అని పుస్తకం చేతికిచ్చాను. అక్క పైకి చదివింది. మీట, జానెడు మీద బెత్తెడు. ఇరుసు, కింద నుంచి జానెడు. బ్రేకు కడ్డీ, రెండు జానల మూడు వేళ్ళు. చదివి, "అన్నీ ఉన్నాయి," అని తనూ ఊపిరి పీల్చుకుంది. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే. ఒకళ్ళకీ తట్టలేదు.

తట్టింది మెకానిక్కుకి. పుస్తకం అటూ ఇటూ తిప్పి, తల గోక్కుని అడిగాడు.

"ఎవరి జాన అమ్మా?"

వెంటనే తుక్కు యార్డుకి పరిగెత్తాను. బుడ్డది ఇంకో మూడు కార్లతో కలిసి ఒకే దిమ్మ అయిపోయింది. అక్కడివాడు ఆ దిమ్మని చూపించి, "ఇందులో ఎక్కడో ఉంటుంది," అన్నాడు.

లెక్క ప్రకారం జాన అంటే తొమ్మిది అంగుళాలని మెకానిక్కు ఒక మీట చేశాడు. బ్రేకు తోసిన ప్రతిసారీ అక్క మోచెయ్యి తలుపుకి కొట్టుకుంది. అక్క జానతో ఇంకోటి చేశాడు. చేతికి బాగానే అందింది, బ్రేకు మాత్రం సగమే పడింది. మూడోసారి అతను ఇనుము కింద పెట్టేశాడు.

"అందాజాగా చెయ్యొచ్చమ్మా. కానీ ఇది బ్రేకు. తప్పు చేస్తే ఆ సంగతి రోడ్డు మీద తెలుస్తుంది. ఆయన ఇరుసు ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది కిటుకంతా. పధ్నాలుగేళ్ళు మీరు నడిపారంటే ఆయన లెక్క సరైనదే. మీ ఆయన చెయ్యి ఎంత ఉండేది?"

అక్క రెండు చూపుడువేళ్ళు గాల్లో పెట్టి, "ఇంత," అంది. కాస్త దూరం జరిపింది. మళ్ళీ దగ్గరికి తెచ్చింది. ఎవరినైనా ఒక్కసారి చూస్తే కనుపాపల ఎడం చెప్పేసే మనిషి. బావది అరవై నాలుగున్నర అని ఇప్పటికీ నిద్రలో లేపినా చెబుతుంది. చెయ్యి మాత్రం చెప్పలేకపోయింది.

"నాకు గుర్తు లేదే," అంది నా వైపు తిరిగి. "ఆయన చెయ్యి నాకు గుర్తు లేదు." రిపేరు షెడ్డులో అందరి ముందూ, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. మెకానిక్కు బయటికి వెళ్ళి నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట అనలేదు అక్క. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే నా గది నేల టకటకలాడింది. నన్ను పిలవాలంటే అక్క కింది నుంచి చంకకర్రతో పైకప్పు పొడుస్తుంది. దిగి వెళ్ళేసరికి స్టీలు టేపు పట్టుకుని వంటింట్లో ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి గానీ గొంతు పాత గొంతే.

"ఆయన చెయ్యి ఎక్కడికీ పోలేదే. ఇల్లంతా ఉంది. పుస్తకం చదువు, నేను కొలుస్తాను."

అప్పుడు అర్థమైంది. బావ ఇంట్లోకి చేసిన వస్తువులన్నీ పుస్తకంలో ఉన్నాయి. వస్తువు ఎంతుందో కొలిచి, రాసిన జానలతో భాగిస్తే చాలు. అక్క కూర్చుని వండుకునే పీట, పెళ్ళయిన మొదటి ఏడాది చేసింది, ఎత్తు రెండు జానలు. కొలిస్తే నాలుగు వందల యాభై రెండు. జానకి రెండు వందల ఇరవై ఆరు మిల్లీమీటర్లు. అక్క మొహం వెలిగిపోయింది. తన చేతిని టేపు మీద పరిచి, మిగిలిన జాగాని వేలితో ముట్టుకుంది.

కిటికీ పక్క అలమర, అయిదో ఏడాది, నాలుగు జానలు. రెండు వందల ఇరవై రెండు వచ్చింది.

"చూశావా? అదే చెయ్యి, నాలుగు మిల్లీమీటర్ల తేడా!" అని అక్క నవ్వింది. "నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఆయన పనితనం ఇలా ఏడిసింది." మూడేళ్ళ తర్వాత ఆ ఇంట్లో మళ్ళీ ఆ రగడ వినడం నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. స్నానాలగది కడ్డీ, తొమ్మిదో ఏడాదిది, రెండు వందల పద్దెనిమిది. మెట్ల కమ్మీ, పదిహేనో ఏడాదిది, రెండు వందల ఆరు. కళ్ళజోళ్ళ పెట్టె పెట్టుకునే స్టాండు, పంతొమ్మిదో ఏడాదిది, నూట తొంభై ఆరు.

"సగటు తీసేద్దామా?" అన్నాను.

అక్క నేను రాసిన కాగితం లాక్కుని చూసింది. ఆ అంకెలు ఒక్కసారి కూడా పెరగలేదు. ఏడాది పెరుగుతున్న కొద్దీ తగ్గుతూ వచ్చాయి.

"బెత్తెడు కూడా కావాలిగా. చివరి పేజీలు తియ్యి," అంది.

చివరి పేజీల్లో అన్నీ బెత్తలే. చెప్పుల స్టాండు, ఆరు బెత్తల వెడల్పు, పన్నెండు బెత్తల పొడవు. గోడకి తగిలించిన కొక్కేల పట్టీ, పధ్నాలుగు బెత్తలు. జాన చాచగలిగినవాడెవడూ పధ్నాలుగు సార్లు బెత్త పెట్టుకుంటూ కూర్చోడు. వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. చివరి రెండేళ్ళలో జాన అన్న మాటే ఆ పుస్తకంలో లేదు.

"ఆయనకి చెయ్యి తెరుచుకోలేదే," అంది అక్క.

పీట మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నాతో చెబుతున్నట్టు లేదు.

"గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. చిన్నపిల్లాడిలా ఏంటని ఏడిపించేదాన్ని. బొత్తాల చొక్కాలు మానేశాడు. లావయ్యాడనుకున్నాను. కారు దిగేటప్పుడు ఎప్పుడూ చెయ్యి ఇచ్చేవాడు కదా, అదీ మానేశాడు. వచ్చి భుజం వంచేవాడు, పట్టుకోమని. నాకు అనుమానమొచ్చింది. ఇన్నేళ్ళు లాగి లాగి విసుగెత్తిందనుకున్నాను. ఒకరోజు అనేశాను కూడా. మొయ్యలేకపోతే చెప్పండి, నా తంటాలు నేను పడతాను అని."

"బావేమన్నాడు?"

"నవ్వాడు. భుజం ఇంకాస్త వంచాడు."

ఆ రోజే అక్క తను కళ్ళజోడు అమర్చిన ఒక డాక్టరమ్మకి ఫోన్ చేసింది. చక్కెర ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే కొందరికి వేళ్ళు అలా బిగుసుకుపోతాయని ఆవిడ చెప్పింది. నొప్పి ఉండకపోవచ్చట, కొద్దికొద్దిగా వస్తుంది కాబట్టి మనిషి సర్దుకుపోతాడట. "అప్పుడే ఎవరైనా గమనించి పరీక్ష చేయించి ఉంటే..." అని, ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ వాక్యాన్ని అక్క ఇప్పటికీ రోజుకో రకంగా పూర్తి చేసుకుంటూనే ఉంది.

మీట చేసింది పెళ్ళయిన పదకొండో ఏడాది. స్నానాలగది కడ్డీకీ మెట్ల కమ్మీకీ మధ్యలో లెక్కగట్టి జాన రెండు వందల పధ్నాలుగు, చెప్పుల స్టాండుని బట్టి బెత్తెడు ఎనభై అని తేల్చాం. మెకానిక్కు ఆ అంకెలతో చేసి బిగించాడు. అక్క ఎక్కి మీట తోసింది. మోచెయ్యి ఎక్కడా తగల్లేదు. బ్రేకు అడుగుదాకా పడింది. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని షెడ్డు ముందు జాగాలో నాలుగు చుట్లు తిప్పింది. అతను దిగి, "ఇంతకన్నా బాగా నేను చెయ్యలేనమ్మా. ఆయనే చేశాడు," అన్నాడు.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, "సరిపోయిందా?" అన్నాను.

"సరిపోయింది," అంది. మీట మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "ఇది పదకొండో ఏడాది చెయ్యి. అప్పటికే పన్నెండు మిల్లీమీటర్లు పోయింది. పక్కనే ఉన్నాను."

నేను ఆ మీటని తుక్కులోకి పంపకపోయి ఉంటే ఇదంతా అక్కకి తెలిసేది కాదు. బావకి తనంటే విసుగెత్తిందన్న నమ్మకంతోనే బతికేది. ఇప్పుడు ఆ నమ్మకం పోయింది, దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. ఏది నయమో నాకు తెలియదు. క్షమించమని అడుగుదామని రెండుసార్లు కిందికి దిగాను. రెండుసార్లూ వేరే మాటలు మాట్లాడి పైకి వచ్చేశాను.

బూడిదరంగు కారు బాగానే నడుస్తోంది. దానికి ఇంకా పేరు పెట్టలేదు. అక్క మునుపటిలాగే ఇళ్ళకు వెళుతోంది. మొన్న నేనూ వెంట వెళ్ళాను. ఒక ముసలాయన ముందు కూర్చుని పెట్టె తెరిచింది. స్కేలు తియ్యలేదు.

"చేతులు చాపండి," అంది.

"కళ్ళజోడుకి చేతులెందుకమ్మా?"

"ఊరికే. వేళ్ళు బాగా విడదీయండి. ఇంకా."

ఆయన వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని, తన అరచేతి మీద పరిచి చూసింది. అవి సగం దాకా తెరుచుకుని ఆగిపోయాయి. అక్క వంటింటి వైపు తిరిగి, ఆయన భార్యను పిలిచింది.

"ఇలా రండమ్మా. ఒక్కసారి ఈయన చెయ్యి చూడండి."